మావగారి పరీక్ష, బామ్మర్ది నిద్ర

పెళ్ళయిన మగవాడికి తన నిద్ర గురించి తాను నోరెత్తే హక్కు లేకపోవడం ఎంత అన్యాయమో ఎవరూ ఆలోచించరు. దొంగకైనా కోర్టులో ఒక సాక్షి దొరుకుతాడు. గురక పెట్టాడన్న నేరానికి మాత్రం ఫిర్యాదీ, సాక్షి, జడ్జి అన్నీ భార్యే. ముద్దాయి ఆ సమయంలో నిద్రపోతున్నాడు కాబట్టి అతని మాట చెల్లదు.

మా మావగారి కేసు అలాంటిదే. ఆయనది పిండిమర. ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు బిగుసుకుపోయాయి. మెట్లెక్కితే ఆయాసం, నవ్వితే దగ్గు. అయినా మర పక్కన తన కుర్చీలో కూర్చోకపోతే ఆయనకు రోజు గడవదు. ఆ పొద్దున ఇన్‌హేలర్ పీల్చుకుని మరకు బయలుదేరబోతుంటే అత్తగారు బల్లమీద ఒక డబ్బా పెట్టారు. దానికి ఛాతీ పట్టీ, ముక్కు కింద పెట్టుకునే సన్నటి గొట్టం, వేలికి తగిలించే క్లిప్పు ఉన్నాయి. అవన్నీ పెట్టుకుని ఒక రాత్రి పడుకుంటే, నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో అదే పట్టేస్తుందట.

"ఉన్న జబ్బుకి తోడు నిద్రలో ఊపిరి కూడా ఆగుతోందని తేలితే, ఇక ఆ దుమ్ములోకి అడుగు పెట్టొద్దన్నాడు డాక్టరు" అన్నారు అత్తగారు.

"నేను గురక పెట్టడమేంటే! అసలు నాకు నిద్రే పట్టదు."

"పట్టకుండానే కిటికీ అద్దాలు అదురుతున్నాయా? మా తమ్ముణ్ణి చూసి నేర్చుకోండి. వాడు పడుకుంటే పక్కన మనిషున్నాడో లేడో కూడా తెలీదు."

ఈ మాట మావగారికి మొదట కాలింది. తర్వాత వెలిగింది. ఇంట్లో అయితే తనకు నిద్ర పట్టదని, మర వెనక గదిలో పడుకుంటానని, తోడుకి బామ్మర్దిని, అంటే అత్తగారి ఆ తమ్ముణ్ణే, తీసుకెళ్తానని ప్రకటించారు. భర్తకు ఇంత బుద్ధి వచ్చినందుకు అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు.

గదిలో మావగారు పట్టీ తీసి బామ్మర్ది ఛాతీకి చుట్టారు.

"నాకెందుకు బావా ఈ తాళ్ళు?"

"ఒరేయ్, నువ్వు బొమ్మలా పడుకుంటావని మీ అక్క ఊరంతా చెబుతుందిగా. నా పరువు కోసం ఒక్కసారి పడుకోరా."

"మరి నాకేంటి?"

"అప్పుడప్పుడూ నా కుర్చీలో కూర్చోనిస్తా."

బామ్మర్దికి ఆ కుర్చీ అంటే చిన్నప్పటి నుంచీ మోజు. కళ్ళు మూసుకున్నాడు.

డబ్బా తిరిగిచ్చిన సాయంత్రమే ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. అత్తగారే ఎత్తారు. "అమ్మా, ఇంత ఘోరమైన రిపోర్టు ఈమధ్య చూళ్ళేదు. రాత్రంతా ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఆయన్ని పనిలోకి పంపకండి, వెంటనే తీసుకురండి" అంది నర్సు.

అత్తగారు గొల్లుమన్నారు. మావగారు "నాకేం కాలేదే!" అని అరవబోయారు గానీ, కోపానికి దగ్గు తెర వచ్చి సాక్ష్యం తారుమారైంది. మర తాళాలు ఆయన మొలలోంచి అత్తగారి చేతిలోకి, అక్కణ్ణుంచి తమ్ముడి చేతిలోకి మారాయి.

"చెప్పరా నిజం!" అన్నారు మావగారు పళ్ళు కొరుకుతూ.

"నువ్వు విశ్రాంతి తీసుకో బావా" అన్నాడు బామ్మర్ది, కుర్చీ తలుచుకుంటూ.

మర్నాడు ఆదివారం. నేనూ మా ఆవిడా పరామర్శకు వెళ్ళేసరికి వీధి వీధంతా ఇంటి ముందుంది. జరిగింది ఇదట: పొద్దున్నే మర తెరిచి బామ్మర్ది ఆ కుర్చీలో కూర్చున్నాడు, కూర్చోగానే నిద్రపోయాడు. మెలకువ వచ్చినప్పుడల్లా చేతికందిన బస్తా మరలో పోశాడు. ఎండుమిరపకాయలు ఆడించాక తుడవకుండానే గోధుమలు, వాటి వెనకే మళ్ళీ మిరపకాయలు పోశాడు. వాళ్ళ పిండి మిరపపొడిలా, వీళ్ళ మిరపపొడి పిండిలా తయారైంది. అందరూ ఏడుస్తున్నారు. తుమ్ముల మధ్య తిట్లు సరిగా వినబడలేదు.

"మర ఎవరికి అప్పజెప్పావయ్యా? మా ఇంట్లో పసిపిల్లలున్నారు!" అంది ఒకావిడ.

మావగారు ఇక ఆగలేకపోయారు. "ఆ రిపోర్టు నాది కాదు! వీడిది! పరీక్ష నాది, పడుకున్నది వీడు!"

అత్తగారు భర్తను చూశారు, తమ్ముణ్ణి చూశారు.

"అంటే ఊపిరి ఆగుతున్నది మా తమ్ముడికా? నాయనా!" అని ఈసారి మొదటికంటే గట్టిగా గొల్లుమన్నారు. ఈ తేడా మావగారు గమనించారు.

డాక్టరు ఇద్దరికీ చీవాట్లు పెట్టి, మావగారికి అసలు పరీక్ష ఆస్పత్రిలోనే చేయించాడు. "గురకైనా వినబడుతుంది. మీ బామ్మర్దిగారిది ప్రశాంతమైన నిద్ర కాదండీ, గాలి ఆడకపోవడం. మీకూ ఊపిరి ఆగుతోంది. ఆయనకంటే తక్కువే గానీ, ఇలాంటి ఊపిరితిత్తులకి ఆ తక్కువ చాలు. రాత్రిపూట గుండెకి ప్రమాదం. ఇద్దరూ మాస్కు పెట్టుకునే పడుకోవాలి. మరలో మీరు దుమ్ము పీల్చకూడదు, ఆయన కునుకు తీయకూడదు. కాబట్టి ఇద్దరూ వెళ్ళొద్దు."

"తక్కువా?" మావగారు లేచి నిలబడ్డారు. "జీవితమంతా దుమ్ము తిన్నది నేనైతే, జబ్బులో కూడా వీడే ఫస్టా?"

"ఊరుకో బావా, నీకు రెండు జబ్బులున్నాయిగా" అన్నాడు బామ్మర్ది ఓదార్పుగా.

ఇప్పుడు ఇద్దరూ మాస్కులు పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నారు. ఇంట్లో ఇంత నిశ్శబ్దం అలవాటు లేక అత్తగారికే నిద్ర పట్టడం లేదు. ఆ మెలకువలో ఆలోచించి, తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. "అల్లుడుగారూ, మీరు గురక పెట్టరని మా అమ్మాయి చెప్పింది. ఊపిరి కూడా బాగానే ఆడుతోందట."

నేను బడిలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. పిండి వాసనకే తుమ్ములొస్తాయి. అయ్యా, అమ్మా, అత్తగారికి కాదని చెప్పే మార్గం మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. ఇంటికి రాకండి, సెలవులన్నీ మరలోనే ఉంటున్నాను.