భారం: అవును / కాదు

మానవజాతి నాగరికతలో ఆఖరి మెట్టు ఎక్కేసిందనడానికి ఇక వేరే రుజువు అక్కర్లేదు. మంచాన పడ్డవాళ్లను చూసుకోవడానికి ఇంట్లోవాళ్లు ఎలాగూ ఉన్నారు. ఆ ఇంట్లోవాళ్లను చూసుకోవడానికి ఇప్పుడు ఒక శాఖ వెలిసింది. దాని పేరు కుటుంబ సంరక్షకుల ఆరోగ్య పరిరక్షణ, పర్యవేక్షణ, ప్రోత్సాహక శాఖ. (ఈ పేరు ఒక్క గుక్కలో చెప్పగలిగినవారి ఊపిరితిత్తులు బాగున్నట్టే కనుక ఆ పరీక్ష వేరుగా చెయ్యరు.)

ఈ శాఖ దయకు పాత్రులైనవారిలో ఒక వాచీ మెకానిక్కు ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్లవాడు. రెండేళ్ల క్రితం వాళ్లక్క స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయితే అయింది గానీ, కాళ్లు మాత్రం మళ్లీ ఆవిడ మాట వినలేదు. ఆవిడకు డెబ్భై ఆరు. ఒకప్పుడు టైపు నేర్పిన టీచరు కావడంతో మిగతా అవయవాలన్నీ, ముఖ్యంగా నోరు, నిమిషానికి అరవై మాటల వేగంతో భేషుగ్గా పనిచేస్తున్నాయి. తల్లి పోయినప్పుడు అయిదేళ్ల తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే.

కాబట్టి మెకానిక్కు దుకాణం మూసేసి, బల్లను అక్క మంచం పక్కకు మార్చుకున్నాడు. కంటికి భూతద్దం బిగించుకుని నువ్వుగింజంత స్క్రూ పట్టుకుంటాడు. "ఒరేయ్" అని పిలుపు వస్తుంది. లేచి వెళ్లి, అక్కను రెండు చేతుల్లో ఎత్తి కుర్చీలోకి మారుస్తాడు. తిరిగొచ్చి ఆ స్క్రూ కోసం నేలంతా వెతుక్కుంటాడు. రోజుకు ఎనిమిదిసార్లు ఇదే. ఆర్నెల్లుగా అతని నడుము సమ్మె చేస్తోంది. ఆ సంగతి అక్కకు తెలియనివ్వకూడదని, ఎత్తేటప్పుడు మూలుగు వస్తే దాన్ని దగ్గుగా మార్చడం నేర్చుకున్నాడు.

"ఆ దగ్గుకి మందేసుకోరా" అనేది అక్క.

మందుల షాపతను చెబితే శాఖవారి యాప్ దించుకున్నాడు. అది రోజూ సరిగ్గా అక్కను ఎత్తే వేళకు గంట మోగించి, "ఈ రోజు మీ కోసం మీరేం చేశారు?" అని అడిగేది. ఏడు రోజులు వరుసగా "ఏమీ లేదు" అని నొక్కాడు. ఎనిమిదో రోజు యాప్ తెరనిండా రంగుకాగితాలు కురిపించి, "అభినందనలు! వారం రోజులు తప్పకుండా స్పందించారు" అని మెచ్చుకుని, వైద్యపరీక్షకు రమ్మంది. రోగిని వెంట తీసుకురావాలన్నది తొమ్మిదో నిబంధన. ఒంటరిగా వచ్చినవాడు రోగిని ఇంట్లో ఒంటరిగా వదిలేసినట్టు. అలా వదిలేసినవాడు సంరక్షకుడు కాడు. (తర్కానికి వంక పెట్టలేం.)

అక్కను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుంటూ బయల్దేరాడు. "యాప్‌లో చెప్పారు, ఆఫీసులో ఏదో సంతకం పెట్టాలట" అని మాత్రం చెప్పాడు. శాఖ గుమ్మం ముందు ఏటవాలు దారి కట్టారు. అది రెండో మెట్టు దగ్గర ఆగిపోయింది, బహుశా అలసిపోయి. మిగిలిన మూడు మెట్లూ మెకానిక్కు కుర్చీని, అక్కను కలిపి ఎక్కించాడు. చాలా దగ్గాడు.

మొదటి కౌంటరులో అతని పేరు సంరక్షకుల రిజిస్టరులోకి ఎక్కింది. ఒకసారి ఎక్కిన పేరు తీసెయ్యడం కుదరదని బోర్డు పెట్టారు. ("కుదరదు"లో దకు లేని ఒత్తు పెట్టారని అక్క గట్టిగానే అంది.) రెండో కౌంటరు గుమస్తా మర్యాదస్తుడు. మెడకు పట్టీ కట్టుకుని ఉన్నాడు.

"మా నాన్నని నేనే చూసుకుంటానండీ. మెడ తిరగడం మానేసింది. కానీ ఈ పథకం శాఖ ఉద్యోగులకి వర్తించదు. మీ అదృష్టం" అంటూ ప్రశ్నలు చదవసాగాడు.

పదమూడు ప్రశ్నలు సాఫీగా నడిచాయి. పద్నాలుగోది రోగి ఎదుటే, రోగికి వినపడేలా చదవాలి. పారదర్శకత కోసం.

"మీ సంరక్షణలో ఉన్న వ్యక్తి మీకు భారంగా ఉన్నారా? అవును, కాదు."

"కాదు" అన్నాడు మెకానిక్కు.

గుమస్తా కలం ఆపాడు. "తొందరపడకండి. భారం లేకపోతే నొప్పి ఎలా వస్తుందండీ? కాదంటే ఫారం ఇక్కడితో ఆగిపోతుంది. డాక్టరుగారు చూడరు."

"నొప్పేంట్రా?" అంది అక్క.

మెకానిక్కు గోడవైపు చూశాడు. అక్క గుమస్తా చేతిలోని ఫారం లాక్కుని, మూడు పేజీలూ తిరగేసి, తిరిగిచ్చింది.

"అవునని రాయించరా."

"రాయించను."

"ఒరేయ్, అది అక్షరమేరా. అక్షరానికి అర్థం ఉండాలని ఎవరన్నారు? ఈ బోర్డు చూడు."

"రాయించనక్కా. నొప్పి ఉంటే ఉంది. నువ్వు భారమని నా చేత్తో నేను..." మాట మధ్యలో మూలుగొచ్చింది. ఈసారి దగ్గుగా మార్చే ఓపిక కూడా లేకపోయింది.

గుమస్తా ఇబ్బందిగా కదలబోయేసరికి కలం కింద పడింది. మెకానిక్కు అలవాటుకొద్దీ తియ్యబోయాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ముఖం పాలిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

అక్క రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ అతని దగ్గరికి వచ్చింది. తమ్ముడి తల తన ఒళ్లోకి తీసుకుని, "కదలకు. ఊపిరి తీసుకో. నేనున్నాగా" అంది. ఆ మాట ఆ గదిలో ఎవరైనా ఎవరితోనైనా అనడం అదే మొదటిసారి.

"డాక్టరెక్కడ?"

"లోపలే ఉన్నారమ్మా. కానీ మీ తమ్ముడిగారి ఫారం ఆగిపోయింది కదా. పైగా ఇప్పుడాయన రోగిలా కనిపిస్తున్నారు. మాది సంరక్షకుల శాఖ."

"అయితే వీణ్ణి చూసుకుంటున్నది ఎవరు?"

గుమస్తా చూశాడు. నిజాయితీగా చెప్పాలంటే, ఒకే ఒక్క జవాబు ఉంది. "మీరే."

"నాకో ఫారం ఇవ్వు బాబూ."

సంరక్షకులు నిలబడగలిగి ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. గుమస్తా రెండుసార్లు వెతికి మరీ ఫారం ఇచ్చాడు. పద్నాలుగో ప్రశ్న దగ్గరకొచ్చేసరికి అక్క అతన్ని పూర్తిగా చదవనివ్వలేదు.

"అవును! అవునంటే అవును! అయిదేళ్లప్పుడు నా చంకెక్కాడు, ఇంకా దిగలేదు. పెద్దక్షరాలతో రాయి."

వెయిటింగు హాలంతా నవ్వింది. మెకానిక్కు కూడా ఆ నొప్పిలోనే నవ్వాడు.

డాక్టరమ్మ గదిలో మెకానిక్కును బల్లమీద పడుకోబెట్టారు, రోగి హోదాలో. పరీక్ష అక్కకు.

"ఏంటమ్మా మీ బాధ?"

"నడుమమ్మా" అంది అక్క. "ఎడమవైపు మొదలై పిక్కదాకా లాగుతుంది. పొద్దున్నే మంచం పట్టీ పట్టుకుని మూడుసార్లు ప్రయత్నిస్తే గానీ లేవలేను. బరువెత్తినప్పుడు మూలుగొస్తే దగ్గినట్టు నటిస్తాను. ఇంట్లో వాళ్లకి తెలియదనుకుంటాను."

బల్లమీద మెకానిక్కు కళ్లు మూసుకున్నాడు.

డాక్టరమ్మ చక్రాల కుర్చీని చూసింది, బల్లనూ చూసింది. తర్వాత లేచి బల్ల దగ్గరకెళ్లి మెకానిక్కు కాలు నెమ్మదిగా పైకెత్తి, "ఇక్కడ నొప్పి ఉందామ్మా మీకు?" అని అక్కను అడిగింది.

"అబ్బా!" అన్నాడు మెకానిక్కు.

"ఉంది" అంది అక్క.

నరం నొక్కుకుంటోందని డాక్టరమ్మ తేల్చింది. అక్క పేరుమీద మాత్రలు రాసింది. నడుముకు బెల్టు ఇస్తూ, మెకానిక్కు నడుం చుట్టూ టేపు పెట్టి, "మీ కొలత ముప్పై ఎనిమిదమ్మా" అని అక్కకు చెప్పింది. ఆఖరికి కాగితంమీద ఒక నున్నటి చెక్క బొమ్మ గీసింది. "మంచానికీ కుర్చీకీ మధ్య ఇది వేసుకుంటే జారుతూ మారొచ్చు. ఎవరూ ఎవర్నీ ఎత్తక్కర్లేదు. మీరు చేతులతో మీ ఒంటిని మీరే జరుపుకోగలరు... అంటే, మీ రోగి జరుపుకోగలరు."

హాల్లోవాళ్లు కుర్చీని మెట్లు దింపిపెట్టాక, మెకానిక్కు వీధి మలుపుదాకా నెమ్మదిగా తోసుకొచ్చాడు. తర్వాత అడిగాడు. "ఎప్పట్నించి తెలుసక్కా?"

"నీ బల్లమీద పన్నెండు గడియారాలు కొట్టుకుంటుంటే ఏది ఎన్ని సెకన్లు వెనకబడిందో ఈ మంచం మీంచే చెబుతాను. నీ దగ్గు పోల్చుకోలేననుకున్నావా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే లేదంటావు. నిన్ను అబద్ధాలాడించడం దేనికని." కాస్త ఆగి, "నన్నెత్తద్దని చెబుదామంటే, ఎత్తకుండా మారే దారేదో నాకూ తెలియలేదురా" అంది. ఆ వాక్యం నిమిషానికి అరవై మాటల వేగంతో రాలేదు.

వడ్రంగి చెక్క చేసిచ్చాడు. మొదటి రెండు రోజులు అక్క భయపడింది, మూడో రోజు తానే జారి కుర్చీలోకి మారి, "చూశావా!" అని అరిచింది. ఆ నెలాఖరుకు, ఆర్నెల్లలో మొదటిసారి, మెకానిక్కు వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

శాఖ మాత్రం పని మర్చిపోలేదు. పై నెల వార్షిక తనిఖీలో ఆ ఇంటి ఫైలు బయటికి తీశారు. తమ్ముడు రిజిస్టరైన సంరక్షకుడు. అక్క ధ్రువీకరణ పొందిన సంరక్షకురాలు. ఇద్దరు సంరక్షకులున్న ఆ ఇంట్లో రోగి అన్నవారు ఎవరూ లేరని తేలడంతో ఫైలు మూసేసి, బెల్టు వాపసు ఇవ్వాలని ఉత్తరం రాశారు. శాఖ పుట్టాక పూర్తిగా కోలుకున్న మొదటి కుటుంబంగా ఆ ఇంటిని నివేదికలో చేర్చి, పథకం లక్ష్యం నెరవేరింది కనుక డాక్టరు పోస్టు రద్దు చేశారు.