మీ అమ్మాయికెన్ని చాలాలు?

"ఈ క్షణం నుంచి మార్కులు రద్దు! బిడ్డ అంకె కాదు! బిడ్డ ఒక వాక్యం!" అని విద్యామంత్రిగారు ప్రకటించగానే నాకు ఒళ్ళంతా జివ్వుమంది. ఎర్తింగు ఊడిందేమోనని వెళ్ళి చూసుకున్నాను. వైర్లన్నీ బాగానే ఉన్నాయి. అంటే అది అచ్చంగా ఉపన్యాసం మహిమే.

నేను మైకు సెట్టువాణ్ణి. మంత్రిగారి సభలన్నిటికీ మైకులు నావే. రాసిచ్చిన కాగితాన్ని ఆయన చదివే తీరు వినితీరాలి. ఆశ్చర్యార్థకం కనబడితే బల్ల గుద్దుతారు. కామా కనబడితే నీళ్ళు తాగుతారు. ప్రశ్నార్థకం కనబడితే గొంతు పైకి లేపి, జనం వైపు చెయ్యి చాపి, జవాబు కోసం ఆగుతారు. అర్థం సంగతి పీఏగారు చూసుకుంటారు.

ఆ సభల్లో రెండు మైకులుంటాయి. ఒకటి మంత్రిగారి నోటి ముందు. రెండోది జనం నెత్తిమీద, సీలింగుకి వేలాడుతూ. దాన్ని మేం చప్పట్ల మైకంటాం. గుప్పెడుమంది కొట్టిన చప్పట్లు, దాని నాబ్ తిప్పితే జనసంద్రం అయిపోతాయి. ఇది పీఏగారి ఐడియా. ప్రజాస్వామ్యం మీద ఆయనకంత పట్టు.

"మార్కుల వల్ల ఎవడు బాగుపడ్డాడు? నన్ను చూడండి!" అన్నారు మంత్రిగారు. అందరూ చూశారు. నేను నాబ్ తిప్పాను.

పథకం తేలికే. ఇకమీదట క్లాసు మాస్టారు ఒక్కో పిల్లవాడి గురించి నాలుగు ముక్కలు రాస్తారు. కాలేజీలవాళ్ళు అది చదివి సీటిస్తారు. ఇంటికెళ్ళి చెబితే మా అమ్మాయి పెద్దగా కంగారుపడలేదు. అది ఊహ తెలిసినప్పటినుంచీ నా పాత యాంప్లిఫయర్లు విప్పి బాగుచేస్తున్న పిల్ల. ఎలక్ట్రానిక్స్ చదవాలని ఒకటే పట్టు. మార్కులున్నన్నాళ్ళూ బాగానే తెచ్చుకుంది.

"పోతే పోయాయిలే నాన్నా. మా మాస్టారు నా గురించి అబద్ధమైతే రాయరుగా" అంది.

రాయలేదు. "ఈ అమ్మాయి పాడైన వస్తువును చూసి జాలిపడదు, విప్పి చూస్తుంది. తెలియనిది తెలియదని చెబుతుంది. మర్నాటికి తెలుసుకుని వస్తుంది." ఇదీ ఆయన రాసింది. చదివి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నా బిడ్డ గురించి అంత చక్కగా నేను కూడా ఎప్పుడూ అనుకోలేదు.

అయితే కాలేజీలకు వాక్యాలు బస్తాలకొద్దీ వచ్చి పడ్డాయి. ప్రిన్సిపాళ్ళందరూ ఏసీ గదిలో కూర్చుని వాక్య మూల్యాంకన కమిటీగా ఏర్పడ్డారు. చదవడమనేది మనిషిని బట్టి మారుతుందనీ, లెక్కపెట్టడమే సైంటిఫిక్ అనీ తేల్చారు. దేన్ని లెక్కపెట్టాలి? మెచ్చుకోలులో ముఖ్యమైన మాట 'చాలా' అనేది. చాలా తెలివైనవాడు, చాలా బుద్ధిమంతుడు. కనక ఎన్ని చాలాలుంటే అంత మెరిట్. లెక్కపెట్టడానికి ఒక కంప్యూటర్ కొన్నారు.

ఆ కమిటీ దూరదృష్టిని ఎంత పొగిడినా తక్కువే. బస్టాపులో, మంగలి షాపులో, ఆస్పత్రి క్యూలో ఒకటే పలకరింపు, "మీ అమ్మాయికెన్ని చాలాలు?" కోచింగు సెంటర్లు "మా విద్యార్థికి తొమ్మిది చాలాలు!" అని నిలువెత్తు ఫ్లెక్సీలు కట్టాయి. వాచ్‌మన్ ఉద్యోగానికి కనీసం రెండు చాలాలుండాలని బ్యాంకువాళ్ళు ప్రకటన ఇచ్చారు. మా పక్కింటావిడ కొడుకు గురించి "చాలా చాలా చాలా మామూలు కుర్రాడు" అని రాస్తే మెడికల్ సీటొచ్చింది. పై వాటా కుర్రాడి గురించి "చాలా అల్లరి, చాలా బద్ధకం, చాలా అబద్ధాలాడతాడు, చాలా పొగరు" అని రాశారు. అతనికి లా కాలేజీ స్కాలర్‌షిప్పిచ్చి మరీ తీసుకుంది.

మా అమ్మాయికి సున్నా.

"మీరు ఊరందరి గొంతులూ పెద్దవి చేస్తారు, కన్నకూతురి కోసం మాత్రం నోరు పెగలదు" అంది మా ఆవిడ. "వెళ్ళి ఆ మాస్టారి గడ్డం పట్టుకునైనా ఒక్క చాలా తీసుకురండి!"

వెళ్ళాను. మాస్టారు స్టాఫు రూములో ఒక్కరే ఉన్నారు. సంగతంతా చెప్పాను.

"నేను రాసినదాంట్లో తప్పేముంది?" అన్నారు.

"తప్పు లేకపోవడమే తప్పైందండీ. ఒక్క చాలా పడేయండి, మీకు పుణ్యముంటుంది."

"ఎక్కడ పడేయను?"

"మీ ఇష్టమండీ. ఏ మూలనైనా ఫరవాలేదు."

ఆయన జవాబు చెప్పేలోపే పీఏగారు లోపలికొచ్చారు. చేతిలో మంత్రిగారబ్బాయి రిమార్కు షీటు. తెల్లగా, ఖాళీగా ఉంది.

"ఈ కుర్రాణ్ణి నేనెప్పుడూ చూడలేదే?" అన్నారు మాస్టారు.

"మీ క్లాసేనండీ. రిజిస్టర్లో ఉన్నాడు."

"రిజిస్టర్లో ఉన్నాడు. బెంచీ మీద లేడు."

"బెంచీ గురించి రాయక్కర్లేదండీ. చాలాలు రాయండి. మీ ట్రాన్స్‌ఫర్ ఫైలు కూడా నా దగ్గరే ఉంది."

మాస్టారు ఆ ఖాళీ షీటు ముందుకు లాక్కున్నారు. తర్వాత కలం తీసి ఏదో రాసి, కాగితం ఇటు తిప్పి చూపించారు.

"చాలా?"

"ఒక్కటేం చాలుతుందండీ! ఇంకోటి."

మాస్టారు రాసి మళ్ళీ చూపించారు. "చాలా?"

"ఇంకా రాయండి."

"చాలా?"

అలా ఆయన రాస్తూనే ఉన్నారు, ఈయన ఇంకా అంటూనే ఉన్నారు. కాగితం నిండిపోయింది. పీఏగారు వేలు పెట్టి లెక్క చూసుకుని సంతోషించారు. "ప్రతి చాలా పక్కనా ఈ కొక్కెంలాంటిదేమిటండీ?"

"అలంకారం" అన్నారు మాస్టారు.

"బాగుందండీ, రిచ్‌గా ఉంది" అని పీఏగారు వెళ్ళిపోయారు.

మాస్టారు అదే కలంతో, అదే కోపంతో నా చేతిలోని మా అమ్మాయి కాగితం లాక్కుని చివర ఒక ముక్క చేర్చారు. "మీ కాలేజీకి ఇది చాలదా?" నేను ఆయనకు దణ్ణం పెట్టి ఎగురుకుంటూ ఇంటికొచ్చాను.

వారం తిరక్కుండానే ఇంజనీరింగు ఫలితాలొచ్చాయి. మా అమ్మాయికి మైనస్ ఒకటి.

పరుగెత్తుకుంటూ కాలేజీ కౌంటరుకి వెళ్ళాను. లోపలున్నాయన కంప్యూటర్ చూసి, "చాలదా అని ఉందండీ. అది చాలదు కిందకొస్తుంది. చాలదంటే మైనస్" అన్నాడు.

"ప్రశ్నార్థకం ఉంది కదండీ!"

"కంప్యూటర్ ప్రశ్నలు తీసుకోదండీ."

అదే కంప్యూటర్ మంత్రిగారబ్బాయికి ఫస్ట్ ర్యాంకిచ్చింది. అలంకారాలను అది పట్టించుకోలేదు. టాపర్ సన్మానసభ పెద్ద హాల్లో పెట్టారు. మైకులు మామూలుగానే నావి.

సభకు ముందు పీఏగారు నన్ను పక్కకి పిలిచారు. "మీ అమ్మాయి అప్లికేషన్ నా జేబులో ఉంది. స్పెషల్ కోటాలో ఒక్క సీటుంది. సభ అవగానే మంత్రిగారి సంతకం పెట్టిస్తాను. స్టాఫు రూములో మీరేం చూడలేదు, ఏం వినలేదు. సౌండ్ మాత్రం అదిరిపోవాలి."

"చిత్తమండీ" అన్నాను. ఇంకేమంటాను? బిడ్డ బతుకు ఆయన జేబులో ఉంది.

మా అమ్మాయి కూడా నాతో వచ్చింది. కాలేజీ లేనప్పుడు ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను అని, చప్పట్ల మైకు నాబ్ దగ్గర స్టూలేసుకుని కూర్చుంది. హాలు నిండా తల్లిదండ్రులు. చాలాలు చాలక సీట్లు రానివాళ్ళే ఎక్కువ. హాజరైతే మళ్ళీ పరిశీలిస్తామని చెప్పి రప్పించారు. పొద్దుట్నుంచీ మంచినీళ్ళు లేవు. వేదిక మీద మాత్రం పెద్దలొకరి తర్వాత ఒకరు మంత్రిగారి పుత్రరత్నాన్ని కొనియాడారు. ఆ రత్నం సోఫాలో నిద్రపోతోంది.

చివరికి మంత్రిగారు లేచారు. "మా అబ్బాయి గురించి నేను చెప్పుకుంటే బాగుండదు! గురువుగారు రాసిందే చదువుతాను!" అని బల్ల గుద్దారు. పీఏగారు కాగితం అందించారు. మంత్రిగారు మొదటిసారి దాన్ని విప్పారు. గొంతు పైకి లేపి, జనం వైపు చెయ్యి చాపి, "చాలా?" అన్నారు.

ఆగారు.

వెనక వరసలోంచి ఒక ముసలాయన నీరసంగా, "చాలు బాబూ" అన్నాడు.

"చాలా?"

ఈసారి మధ్య వరసలవాళ్ళు కూడా, "చాలు!"

"చాలా?"

"చాలు!" హాలంతా లేచి నిలబడింది. ఇంతకాలం ఏ సభలోనూ జనం ఇలా పలకలేదు. మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. కాగితంలో ఇంకా ముప్పాతిక వంతు మిగిలే ఉంది, రాసింది రాసినట్టు పూర్తిచేయందే ఆయన ఆపరు.

ఆ కొక్కెం ఏమిటో పీఏగారికి అప్పటికి అర్థమైంది. వేదిక పక్కనుంచి నావైపు చూస్తూ, తగ్గించు, తగ్గించు అని ఒక చేత్తో సైగ చేశారు. రెండో చేత్తో జేబులోని అప్లికేషన్ సగం పైకి తీసి చూపించారు.

మా అమ్మాయి కూడా అది చూసింది. చెయ్యి నాబ్ మీదే ఉంది. తల తిప్పి నన్నడిగింది.

"నాన్నా, ఈ సౌండ్ చాలా?"

"చాలదమ్మా" అన్నాను. "ఇంకొంచెం పెంచు."