‘ఎక్కడికి?’ అని అడిగేవారికి ఓ నమస్కారం

బయలుదేరేవాణ్ణి "ఎక్కడికి?" అని అడగకూడదంటారు. అడిగితే వెళ్ళే పని చెడుతుందిట! అడిగించుకున్నవాడు ఆగి, కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలిట. అడగక ఉండలేనివాళ్ళు "దూరమా?" అని చుట్టుతిప్పి అడగాలిట.

అయ్యా, అమ్మా! ఇంతకంటే అన్యాయం ఉందా? "ఎక్కడికి?" అని అడిగేవాణ్ణి మించిన లోకోపకారి ఈ భూమ్మీద ఎవడున్నాడు? నమ్మకం లేకపోతే చోడవరం పరుగు సంఘం చరిత్ర వినండి.

అసలు ఆ సంఘం పుట్టిందే ఈ ప్రశ్నలోంచి. డెబ్భైల మొదట్లో ఓ ఉదయం హైస్కూలు లెక్కల మాస్టారు అనంతరామయ్యగారు అనకాపల్లి బస్సు కోసం పరుగెత్తారు. పంచె కట్టుకున్న పెద్దమనిషి నడిబజార్లో పరుగెత్తడం ఆ ఊరు అంతకుముందు చూడలేదు. కిళ్ళీకొట్టు దగ్గరివాళ్ళు "ఏటి మాస్టారూ, ఎక్కడికి?" అని అడుగుతూ వెంటపడ్డారు. వాళ్ళెందుకు పరుగెడుతున్నారో కనుక్కుందామని హోటల్లో ఇడ్లీ తింటున్నవాళ్ళు ఎంగిలిచేతులతో వెంటపడ్డారు. ఎక్కడో నిప్పంటుకుందని కొందరు బిందెలతోనూ, ఎక్కడో పంచదార ఊరికే పోస్తున్నారని ఎక్కువమంది సంచులతోనూ వచ్చి కలిశారు.

బస్సు వెళ్ళిపోయింది. జనం మిగిలారు. నలుగురు ఒకచోట నిలబడితే చాలు, వాళ్ళకి అధ్యక్షుడైపోయే అలవాటున్న ప్లీడరు రామచంద్రమూర్తిగారు అటుగా వస్తూ ఈ గుంపుని చూశారు. పక్కనున్న అరుగెక్కి, "పరుగు సంఘం స్థాపించిన మీ అందరికీ నా అభినందనలు!" అన్నారు. అంతే! ఒక్క ప్రశ్నతో ఊరికి స్పోర్ట్సు వచ్చేశాయి.

సంఘం నియమావళి చాలా సులువు. పరుగెత్తగలిగినవాళ్ళు సభ్యులు. పరుగెత్తలేనివాళ్ళు కార్యవర్గం. రెండేళ్ళు తిరిగేసరికి కార్యవర్గం ఓ లారీకి సరిపడా తయారైంది. సభ్యులు మాత్రం ఒక జట్కాబండిలో పట్టేవారు.

ఏటా చలికాలంలో కొండ పందెం. చోడవరంలో మొదలై, చెరుకుతోటల గట్లమీదుగా వడ్డాది చేరి, అక్కణ్ణించి రాళ్ళూ రప్పలూ తుప్పలూ దాటుకుంటూ తేనెకొండ ఎక్కాలి. కొండమీద గుప్పెడు గుడిసెల ఊరొకటుంది. అక్కడ జెండా పాతుతారు. కార్యవర్గం చూస్తుండగా ఆ జెండా ముట్టుకున్నవాడే రన్నరు. అనకాపల్లి సంఘంలో ఖాజా మొహిద్దీన్ అని ఒక దర్జీ ఉండేవాడు. ఏటా అందరికంటే ముందు ముట్టుకునేది అతనే.

మన అనంతరామయ్యగారు మాత్రం ఏనాడూ ఆ జెండా మొహం చూడలేదు. కాళ్ళు బాగానే ఉన్నాయి, ఊపిరి బాగానే ఉంది. చిక్కల్లా ఇంట్లో ఉంది. "ఎవరైనా ఎక్కడికని అడిగితే కూర్చుని మంచినీళ్ళు తాగకుండా అడుగు ముందుకేసేరో, నా మీద ఒట్టే!" అని ఆయన భార్య దుర్గాంబగారు ఒట్టు పెట్టించుకున్నారు. మన పల్లెల మీదుగా ఓ పెద్దమనిషి చెమటలు కక్కుతూ పరుగెడుతుంటే ఎక్కడికని అడక్కుండా ఊరుకునే రాతిగుండె మనిషి ఎవరుంటారు చెప్పండి?

మొదటి ఏడు చెరుకుతోట దగ్గర పెదబాబు అనే రైతు అడిగాడు. మాస్టారు గట్టుమీద కూలబడి నీళ్ళడిగారు. పెదబాబు నీళ్ళకి బదులు చెరుకురసం ఇచ్చాడు. తరవాత వేడి బెల్లం పాకం తెచ్చాడు. తరవాత తన పొలం తగాదా మొత్తం చెప్పాడు. మాస్టారు లెక్కలు కట్టి ఆ తగాదా తీర్చి లేచేసరికి పొద్దు వాలింది. మరుసటేడు వడ్డాది సంతలో కూరలమ్మే నూకరత్నం అడిగింది. ఆ పూట మాస్టారి చేతిమీదుగా ఒక సంబంధం కుదిరింది. ఆ సంబంధం పెళ్ళికొడుకెవరనుకున్నారు? ఆయన వెనకాలే పరుగెత్తుకొచ్చి, ఆయన పక్కనే కూర్చుని నీళ్ళు తాగిన మన సంఘం సభ్యుడు సత్యారావే!

ఇలాంటి లాభాలు తిన్నగా కొండెక్కిపోయేవాడికి దక్కుతాయా? ఖాజా మొహిద్దీన్ సంగతి చూడండి. ఇన్నేళ్ళు పరుగెత్తాడు. కప్పులు తప్ప ఏం మిగిలింది పాపం!

అయినా మాస్టారి మనసు మనసులో లేదు. ఆయన బాధ పరుగు గురించి కాదు. వయసులో ఉండగా విశాఖపట్నం ఇంటర్వ్యూకి బయలుదేరితే పాలమనిషి అడిగింది. ఆయన కూర్చుని నీళ్ళు తాగారు. రైలు వెళ్ళిపోయింది. కాశీకి బయలుదేరితే మేనత్త అడిగింది. కాశీ ఇప్పటికీ కాశీలోనే ఉంది, మాస్టారు చోడవరంలోనే ఉన్నారు. చచ్చేలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అనుకున్న చోటికి చేరాలని ఆయన కోరిక.

ఓ ఏడు పందానికి ముందు రామచంద్రమూర్తిగారు పిలిచి మరీ హెచ్చరించారు. "మాస్టారూ! ఈసారి కూడా మీరు జెండా ముట్టుకోకపోతే మిమ్మల్ని సహాయ కార్యదర్శిని చేసేస్తాం. తరవాత నన్నని లాభం లేదు." మాస్టారికి ఆ పూట అన్నం సయించలేదు.

ఆసారి ఇంకో విశేషం కూడా ఉంది. రోడ్ల ఇంజనీరుగారు ముఖ్య అతిథి! కొండమీద కప్పు ఇచ్చి, అదే చేత్తో టేపు పట్టుకుని ఆ ఊరికి రోడ్డు కొలుస్తారు. ఆ రోడ్డు కోసం కొండమీదివాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. ఇంజనీర్లు కూడా ఏళ్ళ తరబడి బయలుదేరుతూనే ఉన్నారు.

మాస్టారి దిగులు చూడలేక దుర్గాంబగారే ఉపాయం చెప్పారు. "బస్సునెవరైనా ఎక్కడికని అడుగుతారేటండీ? బోర్డు చూసుకుంటారు గానీ!"

ఆహా! ఒట్టు పెట్టించుకున్న నోటితోనే దారి చూపించారు. చీరలొచ్చిన అట్టపెట్టె చింపి, బ్రష్షుతో లావుపాటి అక్షరాలు తీర్చి, ఆయన ఛాతీమీద ఒకటీ వీపుమీద ఒకటీ పురికొసతో కట్టారు. "తేనెకొండ. వయా వడ్డాది."

పందెం మొదలైంది. చెరుకుతోట దగ్గర పెదబాబు "ఏటి మాస్టారూ, ఎ..." అంటూ నోరు తెరిచాడు. బోర్డు చదివాడు. నోరు మూసుకున్నాడు! మాస్టారికి రెక్కలొచ్చినంత పనైంది. చదువురానివాళ్ళకి చదువొచ్చినవాళ్ళు బోర్డు చదివి వినిపిస్తున్నారు. దారి పొడుగునా ఒక్క ప్రాణి అడగలేదు. మాస్టారు కూర్చోలేదు. నీళ్ళు తాగలేదు.

కానీ బోర్డు కట్టుకున్నాక బోర్డుకి తగ్గట్టు నడుచుకోవాలి కదా! "వడ్డాదిలో ఎంతసేపాగుతాది?" అని ఒకడు అరిచాడు. "నిలబడడానికైనా సోటుందేటి?" అని ఇంకొకడు. సంత దగ్గర నూకరత్నం చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి చూస్తే మాస్టారి కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

"బాబ్బాబు, కొండమీద మా అప్ప అచ్చియ్యమ్మ ఉంటాది. ఉప్పు అయిపోనాదని కబురెట్టింది. ఈ మూట పడీసి ఎల్లిపో బాబూ!"

ఒట్టు మంచినీళ్ళ గురించేగాని ఉప్పు గురించి కాదు. మాస్టారు మూట భుజాన వేసుకుని కాలికి బుద్ధి చెప్పారు.

మోకాళ్ళు గీరుకుపోయాయి. పంచె తుప్పలకి తగులుకుని చిరిగింది. తేనెకొండ ఆఖరి మలుపు తిరిగేసరికి ఎదురుగా జెండా! మాస్టారు దాన్ని రెండు చేతులా పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. యాభయ్యో పడికి దగ్గరవుతుండగా ఆయన మొట్టమొదటిసారి అనుకున్న చోటికి వచ్చారు. ఇందులో నవ్వడానికేమీ లేదు, ఎవరూ నవ్వకండి.

జెండా కింద ఖాజా మొహిద్దీన్ ఒక్కడే కూర్చుని కాళ్ళు పిసుక్కుంటున్నాడు. "రండి మాస్టారూ! నేనొచ్చేను, మీరొచ్చేరు. కప్పూ రాలేదు, ఇచ్చేవాళ్ళూ రాలేదు."

"మరి నేను ముట్టుకున్నట్టు ఎవరు చూసినట్టు?" అన్నారు మాస్టారు గాభరాగా.

"నేను చూసేను కదండీ! కానీ నాది అవతలి సంఘం. నా సాక్ష్యం మీ అధ్యక్షులవారికి చెల్లదు."

ఇంతలో గుడిసెల్లోంచి ఒక ముసలమ్మ బట్టల మూట చంకన పెట్టుకుని తడుముకుంటూ వచ్చింది. ఆవిడే అచ్చియ్యమ్మ. ముందు ఆయన ఛాతీమీద అట్టని తడిమింది. తరవాత వీపుమీద అట్టని తడిమింది. ఆవిడ మొహం విప్పారింది.

"బోర్డుంది! మా కొండకి బస్సొస్తాదని సెప్పేరు. నువ్వేనేటి బాబూ అది?"

మాస్టారు ఉప్పుమూట ఆవిడ చేతికందించారు. "కాదమ్మా. నేను లెక్కల మాస్టారిని. మీ చెల్లెలు ఉప్పిచ్చింది."

"ఉప్పియ్యడానికొచ్చేవా?"

"అది కాదు. ఊరికే... పరుగెత్తుకుంటూ వచ్చాను."

"ఊరికేనా?"

"ఊరికేనమ్మా."

ముసలమ్మ బుగ్గలు నొక్కుకుంది. "సిత్రంగుంది బాబూ. పనిమీదొస్తామన్నోలు ఒక్కలూ రారు. ఊరికే వొచ్చినోలే వొస్తన్నారు."

ఆవిడకి రెండు కళ్ళూ మసకలేశాయి. పట్నం ఆసుపత్రిలో చూపించుకోవాలి. రోడ్డు వేస్తారు, బస్సొస్తుంది, అప్పుడు వెళ్దామని మూట కట్టుకుని ఎదురుచూస్తోంది. ఆ మూట కట్టి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

మాస్టారు జెండా వంక ఒకసారి చూశారు. చూసేవాళ్ళు వచ్చేదాకా దాన్ని పట్టుకుని అక్కడే కూర్చోవచ్చు. కూర్చుంటే సహాయ కార్యదర్శి గండం గడుస్తుంది. కానీ ఛాతీమీద బోర్డుంది. బోర్డున్నవాడు పాసెంజరుని వదిలేసి ఎలా కూర్చుంటాడు? "రా అమ్మా, కిందికి వెళ్తున్నాను," అని చెయ్యి అందించారు. రెండో చెయ్యి ఖాజా మొహిద్దీన్ పట్టుకున్నాడు. ముగ్గురూ ఒక్కొక్క రాయీ చూసుకుంటూ దిగారు.

కొండ కింద ఏముందనుకున్నారు? జీపు!

ఇంజనీరుగారు అనకాపల్లిలో బయలుదేరగానే ఎవరో ఎక్కడికని అడిగారుట. మంచినీళ్ళు తాగుదామని కూర్చుంటే కాఫీ వచ్చిందిట. చోడవరంలో మళ్ళీ అడిగారుట, టిఫిను వచ్చిందిట. వడ్డాదిలో అడిగితే భోజనమే అయిపోయిందిట. ఇక అడిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నెత్తిన టోపీ, కాళ్ళకి బూట్లు, చేతిలో టేపు. పక్కన కప్పు పట్టుకుని రామచంద్రమూర్తిగారు, వెనకాల కార్యవర్గం. ఇంజనీరుగారు ఉసూరుమంటూ కుడికాలు ఎత్తి మొదటి రాయిమీద పెట్టారు.

మాస్టారు మనసులో లెక్క కట్టారు. ఇంజనీరుగారు కొండెక్కితే రోడ్డొస్తుంది! రోడ్డొస్తే బస్సొస్తుంది! కప్పూ జెండా ఆ క్షణంలో మాస్టారికి గుర్తే లేవు. ఖాజా మొహిద్దీన్‌కి సైగ చేసి తను కూడా నోరు బిగబట్టుకున్నారు. కార్యవర్గం కూడా ఊపిరి బిగబట్టింది. రెండో కాలు లేస్తోంది...

పాపం అచ్చియ్యమ్మకి ఇవేమీ తెలియవు. మసక కళ్ళకి ఎవరో కొత్తమనిషి తమ కొండెక్కుతున్నట్టు మాత్రం కనిపించింది. ఊరికొచ్చే మనిషిని పలకరించకపోతే ఏం మర్యాద?

"ఎక్కడికి బాబూ?" అంది ఆప్యాయంగా.

ఇంజనీరుగారి మొహం కలకల్లాడిపోయింది! ఎత్తిన కాలు దించేశారు. దించిన కాలు వెనక్కి తీశారు. "అడిగేసింది! పెద్ద ముత్తైదువ అడిగేసింది! ఇంకేం చేస్తాం చెప్పండి?" అంటూ జీపెక్కి కూర్చున్నారు. కూర్చున్నాక మంచినీళ్ళు తాగాలి కదా. ఆయనకి అక్కడి నీళ్ళు పడవుట. జీపు విశాఖపట్నం వైపు తిరిగింది.

దుమ్ము అణిగాక ముసలమ్మ అడిగింది. "ఎవులు బాబూ ఆయన?"

మాస్టారు ఛాతీమీది బోర్డు దుమ్ము దులుపుకుంటూ, "పనిమీద వచ్చారమ్మా," అన్నారు.

"అలాగైతే రార్లే," అని అచ్చియ్యమ్మ మూట సర్దుకుంది.

ఆ సాయంత్రమే రామచంద్రమూర్తిగారు అనంతరామయ్యగారిని సహాయ కార్యదర్శిగా ప్రకటించి, చప్పట్లు కొట్టించారు. మాస్టారు ఆ చప్పట్లు వినలేదు. ముసలమ్మని పట్నం బస్సు ఎక్కించి, పక్క సీట్లో ఆయనే కూర్చున్నారు. ఆ రోజు ఆయన్ని ఎక్కడికని ఎవరూ అడగలేదు. బోర్డు విప్పడం మరిచిపోయారు మరి! చోడవరం నుంచి బయలుదేరి విశాఖపట్నం దాకా వెళ్ళిన "తేనెకొండ, వయా వడ్డాది" అదొక్కటే. ఇప్పటికీ ఆదివారం ఆదివారం మాస్టారి కాళ్ళమీద ఆ సర్వీసు నడుస్తోంది. కొండెక్కేటప్పుడు ఉప్పూ కిరసనాయిలూ, దిగేటప్పుడు నడవలేనివాళ్ళు.

ఇప్పుడు చెప్పండి అయ్యా, ఆ ప్రశ్న మేలు చేసిందా, కీడు చేసిందా? ఒకవేళ అచ్చియ్యమ్మ అడక్కుండా ఉండి ఉంటే ఏమయ్యేది? ఇంజనీరుగారు ఇంకో నాలుగు రాళ్ళెక్కి ఎలాగూ వెనక్కి తిరిగేవారు. అప్పుడు మనం ఏమనుకునేవాళ్ళం? ఆయనకి అసలు రావడమే ఇష్టం లేదని, ఇంత గొప్ప అధికారిని అపార్థం చేసుకుని ఉందుం! ఎంత పాపం చుట్టుకునేది!

కాబట్టి ఎవరూ తొందరపడి అర్జీలు పెట్టకండి. ఆయన మంచినీళ్ళు తాగుతున్నారు. తాగడం అవగానే బయలుదేరతారు.