మాణిక్‌ను కాపాడిన నలభై మధ్యాహ్నాలు

ఊళ్లో ఒక్క కుర్రవాడైనా చెడిపోతూ ఉండాలి. లేకపోతే పెద్దవాళ్లు చెడిపోతారు! నవ్వకండి. నాందేడ్‌లో ఇరవై ఏళ్లుగా పత్తి కొంటున్నవాణ్ణి, సరుకు చూడకుండా మాట చెప్పను.

ఈ వేసవి మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: ఖాళీ గోదాము, దాని ముందు చల్లని వరండా, ఇద్దరు స్నేహితులు, ఒక పేక కట్ట. జిన్నింగ్ మిల్లు మూతపడ్డాక పత్తి వ్యాపారికి మధ్యాహ్నాలు ఎంత పొడవో మీకేం తెలుసు? వకీలు శంకర్రావుకు కోర్టు సెలవులు. సుబ్బయ్య బట్టల దుకాణం అల్లుడికి అప్పగించేశాడు. ముగ్గురం భోజనం కాగానే పేక ముందు కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేచేవాళ్లం. నా భార్య సుశీలాబాయి నాతో మాట్లాడటం మానేసింది.

అటువంటి సమయంలో దేవుడు మాకు మాణిక్‌ను చూపించాడు.

మా గోదాము ఊడ్చే రఖమాబాయి కొడుకు. పద్దెనిమిదేళ్లు. సీజనులో మిల్లులో పత్తి మోసేవాడు. మిల్లు మూతపడగానే వాడూ మాలాగే ఖాళీ. తల మీద క్రాపు! చేతిలో హోటల్ చాయ్! నోట్లో ఈల! ఇవి చాలవన్నట్టు, సైకిళ్ల దుకాణం ముందు గొంతుక్కూర్చుని చక్రాలు విప్పుతూ కనిపించాడు. చెడిపోతున్నాడనడానికి ఇంకేం కావాలి?

వెంటనే కమిటీ పెట్టాం. శంకర్రావు చెడిపోయే లక్షణాలు పద్నాలుగు రాసుకొచ్చి చదివాడు. అందులో తొమ్మిది తనకే ఉన్నాయని సుబ్బయ్య గొణిగాడు. నావి నేను లెక్కపెట్టుకోలేదు. అధ్యక్షుణ్ణి కదా!

చికిత్స మొదలైంది. రోజూ భోజనాలు కాగానే మాణిక్‌ను వరండాకు పిలిపించి, దీపాల వేళ దాకా హితబోధ. క్రాపు మీద శంకర్రావు రెండు రోజులు మాట్లాడాడు, ఈల మీద మూడు రోజులు. పెళ్లి చేస్తే అన్నీ కుదురుతాయన్న సుబ్బయ్య, ఏ చీరలు పెట్టాలో కూడా చెప్పాడు. సోమరితనం మీద నేను తొమ్మిది రోజులు ఉపన్యసించాను, బాలీసు దిండుకు ఆనుకుని. సైకిళ్ల దుకాణం వైపు పోరాదని తీర్మానం కూడా చేశాం. తల్లికి పని ఇచ్చిన మనిషి పిలిస్తే రానని ఎలా అంటాడు? వచ్చి బుద్ధిగా కూర్చునేవాడు.

ఫలితం చూడండి! కుర్రవాడి ఎదుట పేక ఆడలేం కదా, కట్ట బాలీసు కిందికి పోయింది. సుబ్బయ్య నశ్యం మానేశాడు. శంకర్రావు లెక్చరు పేరు ముఖేడ్ దాకా పాకి, అక్కడివాళ్లూ ఒక కుర్రవాణ్ణి వెతుక్కున్నారు. సుశీలాబాయి నాతో మాట్లాడింది. ముగ్గురు పెద్దమనుషులను ఒంటిచేత్తో దారిలో పెట్టినవాడు ఊరికి వరం కాక ఏమిటి?

నలభయ్యో రోజు రఖమాబాయి చీపురు గోడకు ఆనించి నా ఎదుట నిలబడింది.

"సేటూ, మా పోరనికి చెడు సోపతి వట్టింది. జెర మీరే ఇడిపియ్యాలె."

ఎవరి సోపతి అని ఆత్రంగా అడిగాను. ఇంకో తీర్మానానికి పని దొరికిందని నా సంతోషం.

"గీ వరండోళ్లదే. ఏమనుకోకుండ్రి. ముందుగాల సైకిల్ దుకాణంల పని నేర్చుకుంటుండె. చేతులకు మసి అంటుకొని అస్తే నాకు సంబురమయ్యేది. ఇప్పుడు మీ తీరుగనే పొద్దంత కూసుంటున్నడు. దుకాణపాయన సూసి సూసి ఇంకొకన్ని వెట్టుకున్నడు." చివరికి అసలు మాట చెప్పింది. "నిన్న ఇంట్ల బాలీసు అడిగిండు, సేటూ."

ఏ పత్తి బస్తా కొన్నా మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునున్న గుప్పెడు తీసి, పింజ లాగి చూసేవాణ్ణి నేను. పైపొరను చచ్చినా నమ్మను. ఈ కుర్రవాణ్ణి మాత్రం క్రాపు చూసి ధర కట్టేశాను! నలభై రోజుల్లో ఒక్క ప్రశ్న అడగలేదు. మా ముగ్గురికీ గోదాము, దుకాణం, వకీలు కచేరీ ఉన్నాయి. అయినా వాడికి పని లేదన్న సంగతి మా పద్నాలుగు లక్షణాల్లో ఎక్కడా రాలేదు.

ఆ మధ్యాహ్నం అడిగాను, నీకేం కావాలని. మాణిక్ శంకర్రావు వంక చూశాడు, ఇది కొత్త లెక్చరేమోనని. కాదని నమ్మకం కుదిరాక చెప్పాడు.

"గీ వరండ ఇయ్యుండ్రి సేటూ. సైకిళ్లు బాగుచేసుకుంట."

ఇక చివరి లెక్క. వరండా మాణిక్‌ది. పత్తి సీజనుకు ఖాళీ చేస్తానన్నాడు, నేనే వద్దన్నాను. వాడు ఈల వేస్తూ పంచర్లు వేస్తుంటే రఖమాబాయి మసి చేతులు చూసి మురిసిపోతోంది. నా చేతిలో మిగిలినవి ఉక్కకు కూర్చోలేని గోదాము, ఇద్దరు స్నేహితులు, ఒక పేక కట్ట.

కూర్చునే చోటు లేక మధ్యాహ్నాలు ముగ్గురం చాయ్ హోటల్లో గడుపుతున్నాం. నిన్న శంకర్రావు భార్య ఇందుబాయి మా ఇంట్లో కూర్చుని ఏదో రాస్తోంది, సుశీలాబాయి చెబుతోంది. తొంగి చూశాను. మా లక్షణాలు అప్పుడే ఇరవై దాటాయి.

ఏం కావాలని మమ్మల్ని కూడా ఎవరైనా అడిగితే బాగుండును.