పొగ రాని పొద్దు

ఆ ఉదయం ఫెస్టీ పెట్టుకున్న పని ఒక్కటే, పొయ్యి పక్క అరుగు బాగుచేయడం. పొయ్యికి ఒక పక్కనున్న రాతి అరుగు తనది, ఎదుటిది వచ్చినవాళ్లది. కానమారా కొండల్లో, ఆ ఇంటికి వచ్చేవాళ్లెవరూ లేరు కనుక దాని మీద కోడి పడుకునేది. పెళ్లీ పెటాకులూ లేని మనిషికి అదే తోడు.

కొండ కింద ఒంటరిగా ఉండే బ్రీజ్ మాత్రం ఒకసారి వచ్చింది. ఎదుటి అరుగు రాయి ఊగి టీ ఒళ్లో ఒలికింది. మళ్లీ రాలేదు. రాయి సరిచేస్తే వస్తుందని ఫెస్టీ నమ్మకం. మొన్న ఆదివారం చర్చి బయట ఆ ముక్కే చెబుదామని వెళ్లి, వాన గురించి మాట్లాడి వచ్చేశాడు.

నిప్పుండగా సున్నం పని సాగదు. రాత్రి నివురు కప్పడం, పొద్దున్నే ఊది లేపడం. వాళ్లమ్మ నాటి నుంచీ ఆ నిప్పు ఆరింది లేదు. ఫెస్టీ గుండె రాయి చేసుకుని ఆర్పేశాడు. అరుగు కింద సున్నం పెట్టి, అది ఆరేలోగా బ్రీజ్ కోసం మంచి రొట్టె కొందామని పై ఊరికి నడిచాడు.

కొండ అవతల పాలు పితుకుతున్న బార్ట్‌లీ తలెత్తాడు. ఫెస్టీ ఇంటి మీద పొగ లేదు. అక్కడ పొగ లేదంటే మనిషి లేనట్టే. పరుగెత్తుకొచ్చి చూస్తే తలుపు తీసే ఉంది, మంచం ఖాళీ, పొయ్యి చల్లబడి ఉంది. దారి పక్క ఊబిలో పడ్డాడని తేల్చి చుట్టుపక్కలవాళ్లను కేకేశాడు. మగవాళ్లు తాళ్లు పట్టుకుని ఊబికి పరుగెత్తారు. ఆడవాళ్లు చావింటి ఆచారం ప్రకారం గడియారం ఆపి, అద్దానికి గుడ్డ కప్పి, ఏడ్చి అలిసినవాళ్లకు పులుసైనా ఉండాలి కదా అని కోడిని కోసి బార్ట్‌లీ ఇంట వండి తెచ్చారు. ఫాదర్ గారికి కబురు వెళ్లింది. ఏళ్ల తరబడి గడప తొక్కనివాళ్లంతా వచ్చి, ఫెస్టీ అంత మంచివాడు లేడని చెప్పుకున్నారు.

ఫెస్టీ రొట్టెతో వచ్చేసరికి ఇంటి నిండా జనం.

"ఎవరు పోయారు?" అని గడపలో నిలబడి అడిగాడు.

"పాపం, మన ఫెస్టీ" అన్నాడు బార్ట్‌లీ తల తిప్పకుండానే. తర్వాత తిప్పాడు. వెనక్కి కూలబడ్డాడు. వెనకున్నది పచ్చి సున్నం మీది అరుగు. అది ఆయనతో సహా నేల మీదికొచ్చింది.

"బతికుంటే ఆ మాట ముందే చెప్పొద్దట్రా? అక్కడ నా ఆవు సగం పాలతో నిలబడి ఉంది."

అందరూ తలో మాటా తిట్టారు. ఎవరో పొయ్యి రాజేశారు. పొగ లేచింది, జనం లేచారు. పులుసు పాడవుతుందని గిన్నె కూడా పట్టుకుపోయారు.

చివరికి బ్రీజ్ మిగిలింది. కూర్చోమనడానికి ఎదుటి అరుగు లేదు.

"రాయి ఊగకపోతే వస్తావనీ..." అన్నాడు ఫెస్టీ.

"రాయిదేముందిలే. రోజూ లేవగానే నీ పొగ చూస్తాను. కనిపిస్తే, బాగానే ఉన్నాడులే అనుకుని నా పనిలో పడతాను. ఇక రావడం దేనికి?"

ఆమె శాలువా కప్పుకుని దిగిపోయింది. ఇన్నేళ్లూ పొద్దున్నే ఊది ఊది మనుషుల్ని దూరం పెట్టింది తానేనని ఫెస్టీకి అప్పుడు తెలిసింది, దుఃఖం ముంచుకొచ్చింది. రొట్టె కోసి ఓ ముక్క ఎదుటికి చాచాడు. కోడి కూడా లేదని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు ఉదయం ఎముకలు కొరికే చలి. ఫెస్టీ ఉతికిన చొక్కా తొడుక్కుని, పొయ్యి వెలిగించకుండా కూర్చున్నాడు.