గ్లూకోజు నీళ్లపై రూపశ్రీ దండయాత్ర

స్వస్తి! మామిడిపళ్ల పరిమళంతో చిత్తూరు సీమ యావత్తూ మత్తెక్కి తూలుతున్న జ్యేష్ఠమాసాన, శేషాచలం బండల్ని పెనంలా కాల్చడానికి గ్రీష్మభాస్కరుడు కొలిమి రాజేస్తున్న వేళ, బస్సు హారన్ల భేరీనాదాలూ, ఆటోల ఘీంకారాలూ, కొండకు పోయే భక్తుల గోవిందఘోషలూ ఒక్కటై దిక్కులు పిక్కటిల్లుతున్న తిరుపతి మహానగరంలో, ఒకానొక ప్రసూతి ఆసుపత్రి సింహద్వారం ముందు ఒక ఆటో ఆగింది. ఆ రథంలోంచి, ఆరునెలల గర్భభారంతో మందగమనయై, ముందురోజు రాత్రి భోజనం తర్వాత మంచినీళ్లు తప్ప మరేమీ ముట్టని ఉపవాసదీక్షతో ఎండిన పెదవులు బిగబట్టి, వీరవనిత రూపశ్రీ దిగింది. ఆమె వెనకే చేతిలో వైరు బుట్టతో, చంకలో విసనకర్రతో, నొసట రూపాయి బిళ్లంత కుంకుమతో, అత్తగారు వసంతమ్మ దిగింది.

ఈ రూపశ్రీ సామాన్యురాలు కాదు. బస్టాండు ఎదుట ఒక లాడ్జిలో రిసెప్షన్ బల్ల అనే కోటబురుజు మీద నిలిచి, వేడినీళ్లు రాలేదని విరుచుకుపడే యాత్రికుల దండ్లను ఒంటినోటితో మట్టుబెట్టిన ధీర. అట్టి రూపశ్రీ కూడా పోయినవారం ఇదే ఆసుపత్రిలో ఘోర పరాజయం పాలైంది. ఆమెను ఓడించింది ఒక గ్లాసు. ఆ గ్లాసు నిండా గ్లూకోజు కలిపిన నీళ్లు.

గర్భిణులకు షుగర్ ఉందో లేదో తేల్చే పరీక్ష అది. పరగడుపున వచ్చి రక్తం ఇవ్వాలి. ఆ పాకంలాంటి నీళ్లు తాగాలి. తాగి, ఏమీ తినకుండా, అటూ ఇటూ తిరగకుండా రెండు గంటలు కూర్చోవాలి. గంటకొకసారి మళ్లీ రక్తం ఇవ్వాలి. ఈ మధ్యలో వాంతి అయిందా, అంతా వృథా, ఇంకోరోజు మళ్లీ మొదటినుంచి రావాలి. పోయినవారం రూపశ్రీ తాగిన నీళ్లన్నీ కాసేపటికే వెనుదిరిగి, ల్యాబులో రక్తం తీసే జెస్సీ తెల్లచెప్పుల్ని అభిషేకించాయి.

అయినా ఈ యుద్ధం మానడానికి లేదు. డాక్టరమ్మ ఖండితంగా చెప్పేసింది: “ఈ టెస్టు బాగుంటే నువ్వు పుత్తూరులో మీ అమ్మ దగ్గర కనొచ్చు. షుగర్ తేలితే మాత్రం ఊరు కదలడానికి లేదు, కాన్పు ఇక్కడే.” తొలికాన్పుకు అమ్మ పక్కన పడుకోవాలనీ, నొప్పులొచ్చినప్పుడు అమ్మ చెయ్యే పట్టుకోవాలనీ రూపశ్రీకి కొండంత కోరిక. ఆ అమ్మకేమో చాన్నాళ్లుగా షుగర్. తల్లికి ఉంటే కూతురికీ వచ్చే అవకాశం ఎక్కువట. ఆ మాట విన్నప్పటినుంచి రూపశ్రీ గుండెలో సమ్మెట దెబ్బలు.

వసంతమ్మ కోరిక వేరు. కోడలు పుత్తూరు పోతే, లారీలతో ఊళ్లు పట్టి తిరిగే కొడుకు ఎప్పుడొస్తాడో తెలియని ఇంట్లో, తనకూ టీవీకీ తప్ప మాటామంతీ ఉండదు. అందుకే పరీక్ష మాట వచ్చినప్పుడల్లా ఆమె నోట ఒకే శ్లోకం: “నిన్న గూడా రెండు బేనీషా మామిడిపండ్లు తింటివి గదమ్మే! షుగర్ రాక ఇంకేమొస్తాది? ఈడనే కను, ఏమైతాది?”

మొదటి రక్తం ఇచ్చి, గ్లూకోజు గ్లాసు చేతబట్టి, రణరంగంలో, అనగా ల్యాబు ముందున్న బెంచీ మీద, రూపశ్రీ ఆసీనురాలైంది. పక్కనే, అదే పరీక్షకు అలాంటి గ్లాసుతోనే, బజారువీధి గాజుల దుకాణం వారి కోడలు గుల్నాజ్ కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకరి గ్లాసు ఒకరు చూసుకున్నారు.

“నీకిది మొదటిసారా అక్కా?” అంది గుల్నాజ్.

“రెండోసారి. పోయినసారి ఆయమ్మ చెప్పులు ఖరాబు చేసినా.”

జెస్సీ ఆ మాట విని, తన కొత్త చెప్పుల్ని మెల్లగా కుర్చీ కిందికి లాక్కుంది. “నిదానంగా తాగండక్కా. తాగినాక గమ్మున కూసోండి, అంతే.”

అంత రూపశ్రీ గ్లాసును కంటికెదురుగా ఎత్తి పట్టుకుని, మేఘగంభీర స్వరంతో ఇట్లు గర్జించింది: “ఓసినీ! సూసేదానికి మంచినీళ్ల మాదిరి ఉండావు గానీ, నీ కడుపు నిండా కపటమే! ఈ పొద్దు నువ్వన్నా ఉండాల, నేనన్నా ఉండాల!” అని, కళ్లు మూసుకుని, ముక్కు పట్టుకుని, గుక్క తర్వాత గుక్కగా ఆ మాధుర్యభీకర ద్రవాన్ని అడుగంటా తాగి, ఖాళీ గ్లాసును బల్ల మీద ఠంగున పెట్టింది.

అంతట లోపలి యుద్ధం మొదలైంది.

కంఠమనే కనుమ దాటి, జఠరదుర్గంలో విడిది చేసి, చిన్నపేగుల నూగు గోడల గుండా చొరబడిన ఆ శర్కరసైన్యం ఒక్కుమ్మడిగా రక్తనదిలో దూకింది. రాత్రంతా ఉపవాసమున్న ఆ దేహరాజ్యంలో, అప్పటిదాకా కాలేయమనే ధాన్యాగారపతి తన గాదెలోంచి కొలిచి కొలిచి చక్కెర పంపుతూ మెదడునూ గుండెనూ పోషిస్తున్నాడు. హఠాత్తుగా వరద ముంచుకొచ్చేసరికి, కడుపు వెనక ఎవరి కంటా పడకుండా అరటిపువ్వు రేకులా ఒదిగి ఉండే క్లోమమనే చిన్న సంస్థానంలో కలకలం రేగింది. అక్కడ దీవుల్లా విడివిడిగా కాపురముండే కణాలు రక్తాన్ని రుచి చూసి, “తీపి మించింది!” అని కేకలు వేసి, కొట్లలో సిద్ధంగా దాచుకున్న ఇన్సులిన్ అనే రాజదూతల్ని గుంపులు గుంపులుగా పంపించాయి.

దూతలు ముందు కాలేయం దగ్గరికి పోయి, “ఇక పంచింది చాలు, గాదెలు మూసి నింపుకో” అన్నారు. అతగాడు విన్నాడు. తర్వాత కండరాల ఇళ్ల ముందు నిలబడి తలుపు తట్టారు. ఆ ఇళ్ల విచిత్రం ఏమంటే, చక్కెర లోపలికి పోయే తలుపులు గోడకు ఉండవు, మడతపెట్టి లోపలి గదుల్లో దాచి ఉంటాయి. దూత తట్టిన చప్పుడు వినబడితేనే అవి బయటికి వచ్చి గోడకు అమరుతాయి. అప్పుడే చక్కెర లోపలికి పోతుంది.

కానీ తట్టిన చప్పుడు వాళ్లకు సరిగా వినబడటం లేదు. అది మాయ చేసిన పని. తల్లినీ బిడ్డనూ కలిపే ఆ అవయవానికి మాయ అని పేరు పెట్టిన పూర్వులకు సాష్టాంగ నమస్కారం! బిడ్డ తరఫు వకీలైన ఆ మాయ, తల్లి రక్తంలోకి తన రసాల్ని వదిలి, “కండల్లారా, రవ్వంత చెవుడు తెచ్చుకోండి. ఉన్నదంతా మీరే మింగేస్తే నా బిడ్డకేం మిగులుతుంది?” అని మంత్రం వేసి కూర్చుంది. ఆ చెవుడును జయించాలంటే క్లోమసంస్థానం మామూలుకంటే మరెందరో దూతల్ని పంపాలి. పంపగలిగితే తల్లికి షుగర్ లేనట్టు. పంపలేక చేతులెత్తేస్తే ఉన్నట్టు. రూపశ్రీ పుత్తూరు ప్రయాణం, పాపం, ఆ బెత్తెడు సంస్థానం సత్తువ మీద ఆధారపడి ఉంది.

ఇదేమీ తెలియని రూపశ్రీ గోడకు తల ఆనించి, పళ్లు బిగించి, సీలింగు ఫ్యాను వంక చూస్తూ ఉంది. మొదటి గంట గడిచింది. రెండో రక్తం ఇచ్చింది. కడుపులో తీపి కెరటాలు లేస్తూ పడుతూ ఉన్నాయిగానీ కట్ట తెగలేదు.

అప్పుడు వచ్చాడు విజయ్ కుమార్.

ఎవరో పేషెంటు భర్త. మంచివాడే, ఆకలిమీదున్నాడు. ఎదురు బెంచీలో చతికిలబడి, అరటాకు పొట్లం విప్పాడు. విప్పీ విప్పగానే నేతిపొంగలి, మిరియాలు, జీడిపప్పు, కరివేపాకు వాసనలు చతురంగబలాలై కదిలి, బెంచీలను చుట్టుముట్టి, రూపశ్రీ నాసికాద్వారాల్ని బద్దలు కొట్టాయి. ఆమె ముఖం పాలిపోయింది. నుదుట చెమట పట్టింది. నోట్లో నీళ్లూరాయి. లోపలి గ్లాసెడు నీళ్లూ గొంతు దాకా ఎగదన్నాయి.

“అత్తా...” అంది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. “తిప్పుతా ఉండాది. నావల్ల కాదు.”

ఒక్క వాంతి అయితే చాలు. పరీక్ష పోతుంది, పుత్తూరు వెనక్కి పోతుంది, కోడలు ఇంకో వారం ఇంట్లోనే ఉంటుంది. ఆ సంగతి వసంతమ్మకు తెలుసు. ఆమె ఒక్క క్షణం కోడలి ముఖం వంక చూసింది. చెమటతో నుదుటి కుంకుమ కరిగి ముక్కు మీదికి జారుతోంది. ఒక చెయ్యి పొట్టను పట్టుకుని ఉంది.

మరుక్షణం వసంతమ్మ లేచింది. విసనకర్రను గదలా భుజానికెత్తి, కొంగు నడుముకు దోపి, ఎదురు బెంచీ ముందు రుద్రమూర్తియై నిలిచి, ఆసుపత్రి అదిరేలా పలికింది:

“ఏమప్పా! ఈడ కడుపుతో ఉండే ఆడబిడ్డలు పచ్చి నీళ్లు గూడా మింగలేక సస్తా ఉంటే, ముక్కు కాడికి తెచ్చి పొంగలి విప్పుతావా? నీ ఆకలి పాడుగాను! యాడికన్నా పొయ్యి తిను పో!”

విజయ్ కుమార్ నోట్లో పెట్టుకోబోయిన ముద్ద ఆకులోకి జారింది. “అట్ల కాదమ్మా, బయట ఎండ...”

“ఎండలో తింటే కరిగిపోతావా? లెయ్!”

ఆ మహావీరుడు పొట్లం చుట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని, వెనుదిరిగి చూడకుండా మెట్లు దిగాడు. వసంతమ్మ వెనక్కి వచ్చి, వైరు బుట్టలోంచి నిమ్మకాయ తీసి, ల్యాబు కిటికీలోకి వంగింది. “ఏమ్మా జెస్సీ, ఇది వాసన సూడొచ్చునా?”

“వాసన సూడొచ్చమ్మా. నోట్లో మాత్రం పెట్టగూడదు.”

గోటితో నిమ్మతొక్క గిల్లి కోడలి ముక్కు దగ్గర పట్టుకుని, రెండో చేత్తో విసనకర్ర విసురుతూ, వసంతమ్మ గొంతు తగ్గించింది. “ఊపిరి పీల్సుకో. నిదానంగా. ఇంగ రవ్వంతసేపే. నా తల్లి గదా, మింగు. కిందికి మింగు.”

రూపశ్రీ మింగింది. గొంతు దాకా వచ్చిన వరద గుటకగుటకకూ వెనక్కి తగ్గింది. గుల్నాజ్ కూడా ఇటు జరిగి నిమ్మవాసనలో తన వాటా తీసుకుంది. వసంతమ్మ విసనకర్ర ఇద్దరికీ తగిలేలా తిప్పింది. లోపల మాయ దాటి కాసింత చక్కెర చేరిందేమో, పొట్టలోని బిడ్డ చేపపిల్లలా ఎగిరి ఒక్క తన్ను తన్నింది.

కాస్త తేరుకున్నాక రూపశ్రీ అడిగింది. “అత్తా, కక్కేసి ఉంటే నేను ఈడనే ఉంటాను గదా. నీకు కావాల్సింది అదే గదా?”

వసంతమ్మ చెయ్యి ఆగలేదు. “కావాలనే ఉన్నింది.”

“మరి?”

“నువ్వు ఉంటే ఉండు, పోతే పో. ఓడిపొయ్యి నా ఇంట్లో ఉండే గతి నీకెందుకమ్మే?”

రూపశ్రీ చెంగుతో ముఖం తుడుచుకుంది. ఆ విసనకర్ర గాలికి కళ్లు చెమ్మగిల్లాయని సర్దిచెప్పుకుంది.

ఆఖరి రక్తమూ ఇచ్చారు. ఫలితాలు తేలేదాకా ముగ్గురూ ఆ బెంచీ మీదే కూర్చున్నారు. ముందు గుల్నాజ్‌ను పిలిచారు. ఆమె అంకె, షుగర్ ఉన్నట్టు తేల్చే గీత దాటి కొంచెం పైకి పోయింది. ముఖం చిన్నబోయిన గుల్నాజ్‌తో జెస్సీ అంది: “మీరేమీ తప్పు సెయ్యలేదక్కా. మామిడిపండు తిన్నందుకు వచ్చింది కాదిది. మాయ వల్ల జరిగేది. డాక్టరమ్మ తిండి మార్సి రాసిస్తాది. సానామందికి దాంతోనే సరిపోతాది.”

వసంతమ్మ ‘మామిడిపండు’ అన్న మాట దగ్గర గోడ మీది పసిపాప బొమ్మను అతి శ్రద్ధగా పరిశీలించింది.

గుల్నాజ్ కళ్లు తుడుచుకుని అడిగింది. “అయితే ఈ నీళ్లు మళ్లా తాగే పని లేదు గదా?”

“కాన్పయినాక ఒగసారి తాగాలక్కా.”

“యా అల్లా!” అని గుల్నాజ్ నెత్తి కొట్టుకుంది. ఏడవబోయి నవ్వింది. ఆ నవ్వు బెంచీ అంతా పాకింది.

తర్వాత రూపశ్రీని పిలిచారు. మూడు అంకెలూ గీతకు కిందనే! చివరిది మాత్రం గీతను వేలితో తాకి, తాకీ తాకనట్టు కిందికి దిగింది. అరటిపువ్వు రేకంత క్లోమసంస్థానం, మాయ వేసిన చెవుడు మంత్రాన్ని తట్టుకుని, దూతల మీద దూతల్ని పంపి, ఇల్లిల్లూ తట్టి, వరదనంతా సర్దిపెట్టింది. రూపశ్రీ అక్కడికక్కడే పుత్తూరికి ఫోను కలిపి, “అమ్మా, వస్తా ఉండా!” అంటుండగానే వసంతమ్మ ఫోను లాక్కుంది.

“వదినా, నీ కూతురు గెలిసింది. పంపిస్తా ఉండా. ఆ... ఇంగొక మాట. మంచాలు రెండు వేసి పెట్టు. నేను గూడా వస్తా ఉండా.”

రూపశ్రీ నోరు తెరిచింది. వసంతమ్మ ఫోను కట్టేసింది. “ఏం, అట్ల సూస్తావు? ఆడ మాత్రం నీకు విసిరేదెవురు?”

అటు తర్వాత విజయయాత్ర ఆసుపత్రి క్యాంటీనుకు సాగింది. అక్కడ ఇడ్లీలు అయిపోయాయి, వడలు అయిపోయాయి. చల్లారిన ఉప్మా మాత్రమే మిగిలింది. అయినను ఏమి! సకల గర్భిణీలోక మాననీయురాలు, గ్లూకోజుగర్వభంజని, వమనవిజేత్రి అయిన రూపశ్రీ, ఆ ఉప్మాను ఎర్రకారం అద్దుకుని, ప్లేటు అడుగు మెరిసేదాకా తిని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, వెనక్కి వాలి, చుట్టుపక్కల నాలుగు బల్లలకూ వినబడేలా, విజయశంఖమా అన్నట్టు, ఒక్క త్రేన్పు త్రేన్చింది.

ఆ రోజు మొత్తం మీద ఆమె కడుపులోంచి పైకి వచ్చింది అదొక్కటే.