ధనశేఖర్ తిట్ల మొక్కు

టీవీలో పార్లమెంటు వార్తలు చూడందే ధనశేఖర్‌కి ముద్ద దిగదు. చూస్తే అసలే దిగదు. అయినా తిరుపతిలో తన స్టీలు సామాన్ల కొట్టు కట్టేసి ఇంటికి రాగానే కంచం ముందేసుకుని ఢిల్లీని తిట్టడం మొదలుపెడతాడు.

"సూడు, సూడు! మళ్ళా లేసి ఎలబారినారు! మనం ఓట్లేసి పంపించింది కూసోని మాట్లాడమనా, లేసి పొమ్మనా?"

"నువ్వు మాత్రం ఏం తక్కువ? వంటింటి కొళాయి కారతా ఉండాదని నేను నోరెత్తితే నువ్వూ లేసి పోతావు గదయ్యా," అంది భార్య పంకజాక్షి.

"అది వేరే, ఇది వేరే!"

"అవును, వాళ్ళకు జీతమిస్తారు."

ఢిల్లీ మొత్తం మీద ధనశేఖర్‌కి కోపమే గానీ, సొంత ఎంపీ పేరెత్తితే మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఆయనకు 'శంకుస్థాపన సామి' అని పేరు పెట్టుకున్నాడు. వాళ్ళ వీధి చివర రైలు కట్ట కింద దారి ఉంది. వానొస్తే అందులో నీళ్ళు నిలుస్తాయి. బాగు చేయిస్తానని ఎన్నికలప్పుడల్లా సామి అక్కడొక రాయి పాతించాడు. నీళ్ళు పోలేదు, రాళ్ళు పెరిగాయి. పోయిన వానాకాలం పంకజాక్షి స్కూటరు ఆ నీళ్ళలో మునిగిన రాయికే తగిలి పడింది. కాలు విరిగింది. ఇప్పటికీ కింద కూర్చుని కూర తరగలేదు. ఆ రోజునుంచి ధనశేఖర్‌ది వార్తల కోపం కాదు, కడుపులోంచి వచ్చిన కోపం.

అడుగుదామని ఆఫీసుకు పోతే సారు ఢిల్లీలో ఉన్నారనేవాళ్ళు. ఢిల్లీకి ఫోను చేస్తే సారు ఊళ్ళోనే ఉన్నారనేవాళ్ళు. మధ్యలో ఏ ఊళ్ళో ఉండేవాడో ఆ వెంకన్నకే తెలియాలి.

అలాంటి మనిషి గంగమ్మ జాతరకు, బండవేషం రోజున అమ్మవారికి సారె తెస్తున్నాడని తెలిసింది. ధనశేఖర్ బుర్ర వెలిగింది. జాతరలో బండవేషం కట్టినవాడు ఎవరినైనా ఎంత మాటైనా అనవచ్చు. పోలీసులు పట్టుకోరు, తిట్లు తిన్నవాళ్ళు కోపగించుకోరు. తాతల నాటి ఆచారం.

"ఏమే, ఈసారి నేను వేషం కడతా. మొక్కు," అన్నాడు.

"ఎప్పుడు మొక్కుకున్నావయ్యా?"

"ఇప్పుడే."

మర్నాడు స్నానాల గదిలోంచి అతని సాధన వినిపించింది. "అయ్యా ఎంపీగారూ, మీ పద్ధతి ఏమీ బాగలేదు. ఇది మీకు తగునా?"

పంకజాక్షి తలుపు కొట్టింది. "ఇది తిట్టా, బ్యాంకోళ్ళ నోటీసా? మా పుట్టినూరు నగరిలో మగ్గం మీద పోగు తెగితే దాన్నే ఇంతకన్నా బాగా తిడతాం. బయటికి రా, నేర్పిస్తా."

అంతా తెలిసిపోయిందని అతనికి అర్థమైంది. "నీకు కోపం రాలేదా?"

"నాకెందుకు? తిట్టు, బాగా తిట్టు," అని నవ్వింది. ఆ నవ్వు ఎందుకో అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

జాతర రోజు పొద్దున్నే ఆమె అతని ఒంటికి నూనెలో కలిపిన కుంకుమ పట్టించింది. నడుముకు వేపమండలు, మెడలో పూలదండ. అద్దంలో చూసుకుని ధనశేఖర్ తనకు తానే భయపడ్డాడు.

వీధిలోకి రాగానే బట్టల కొట్టు మునిప్రసాద్ ఎదురొచ్చాడు. "అప్పా, నన్నొక తిట్టు తిట్టప్పా! బేరాల్లేక ఈగలు తోలుకుంటా ఉండా."

"నీ మొగం మండ, తప్పుకో!" అన్నాడు ధనశేఖర్ హడావుడిగా. మునిప్రసాద్ రెండు చేతులూ కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. ఎందుకు అద్దుకున్నాడో ఆలోచించే తీరిక ధనశేఖర్‌కి లేదు. గుడి దగ్గర కార్లు ఆగుతున్నాయి.

తెల్ల చొక్కాలు, సెల్‌ఫోన్లు, మధ్యలో సారె తట్టతో శంకుస్థాపన సామి. ధనశేఖర్ జనాన్ని తోసుకుని ఎదురుగా నిలబడ్డాడు. పంకజాక్షి కాలు గుర్తొచ్చింది. గొంతు దానంతటదే తెరుచుకుంది.

"నీ నోట్లో మన్నుబడ! నువ్వు పాతిన రాళ్ళన్నీ నీ అన్నంలో పంటికి తగల! నువ్వు ఢిల్లీలో నోరు తెరిస్తే ఈగ దూర! మా ఆడోళ్ళు పడిన నీళ్ళు నీ నట్టింట్లో నిలవ! నీకు ఓటేసిన నా యేలు మీద నా చెప్పు పడ!"

ఇక్కడికి ఇంట్లో నేర్చుకున్నవి అయిపోయాయి. తరువాతివి అచ్చువేయదగినవి కావు. డప్పులు కూడా ఆగాయి.

సామి తట్ట పక్కవాడికిచ్చి, వంగి ధనశేఖర్ కాళ్ళకు దండం పెట్టాడు!

"తల్లీ గంగమ్మా! ఇంతమందిలో నన్నే వెతుక్కోని తిట్టినావా! ఇంక నాకు ఎదురే లేదు!"

జనం జేజేలు కొట్టారు. అప్పుడు గుర్తొచ్చింది ధనశేఖర్‌కి. జాతరలో వేషగాడి తిట్టు అమ్మవారి దీవెన అని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తనకూ తెలుసు. కోపంలో మరిచిపోయాడు.

"దీవెన కాదు సార్! నేను నిజ్జంగానే తిట్టినా!"

"ఎంత కోపంగా తిడితే అంత చల్లగా చూస్తాది మా తల్లి," అని సామి ఇంకోసారి వంగాడు. ఫోటోలు తీశారు.

అప్పుడు పంకజాక్షి కుంటుకుంటూ ముందుకొచ్చింది. "సామీ, అమ్మ తిట్లు ఉత్త చేతుల్తో తీసుకోని పోగూడదు. మొక్కు చెల్లించాల. మీరు పాతిన రాయి తగిలి పడింది నా కాలే. రైలు కట్ట కింద రాళ్ళు పెరికించి, నీళ్ళు పోయే దారి తీపిస్తానని అమ్మ ఎదట చెప్పండి. మొక్కు ఎగ్గొడితే తిట్లు తిట్లుగానే తగులుతాయి."

సామి చుట్టూ చూశాడు. ఫోన్లన్నీ తనమీదే ఉన్నాయి. గుళ్ళో గంట మోగింది. పార్లమెంటులో ఎన్నడూ పట్టని చెమట పట్టింది. "వానలకు ముందే తీపిస్తా తల్లీ," అన్నాడు.

తీయించాడు కూడా. ఓటరుకు భయపడనివాడు గంగమ్మకు భయపడ్డాడు. తొలి వానకు నీళ్ళు నిలవలేదు. పంకజాక్షి స్కూటరు మీద చెప్పులు తడవకుండా దాటి వచ్చింది.

కాకపోతే అక్కడొక పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. నోరు తెరిచిన ఎర్రటి ధనశేఖర్, ఎదురుగా చేతులు జోడించిన సామి, కింద 'గంగమ్మ తల్లి ఆశీస్సులతో'. ఇప్పుడు సామి పార్టీవాళ్ళు కొట్టుకొచ్చి "అన్నా" అంటున్నారు. ఎదుటి పార్టీవాళ్ళు చెంచా కూడా కొనడం లేదు.

సాయంత్రం టీవీలో మళ్ళీ అందరూ లేచి బయటికి నడిచారు. ధనశేఖర్ ముద్ద కంచంలో పెట్టి నోరు తెరిచాడు.

"తిట్టు, తిట్టు. మళ్ళా గెలిపిద్దువుగాని," అంది పంకజాక్షి.

నోరు మూసుకున్నాడు. వంటింట్లో కొళాయి మాత్రం టప్ టప్‌మంటోంది. అతను లేచాడు.

"యాడికి? వాకౌటా?"

"పానా యాడుండాదే?" అన్నాడు ధనశేఖర్.